ఓటు వేయించడం కాదు, ఎన్నిక జరిపించడం: చెన్నైలోని తెలుగు విద్యార్థులకు ఎన్నికల పాఠం చెప్పే ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

పాఠశాలల్లో ఎన్నికల పాఠం సాధారణంగా రెండు విధాలుగా ముగిసిపోతోంది. జనవరి 25న జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు పిల్లలు ప్రతిజ్ఞ చేసి, నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వస్తారు. లేదంటే తరగతి నాయకుడి కోసం ఒక రోజు చేతులెత్తుతారు. ఇవి చేయకూడనివి కావు. అయితే వీటితో ఆగిపోతే, ఎన్నిక అంటే మీట నొక్కే ఒక్క క్షణమే అన్న అభిప్రాయం పిల్లల్లో స్థిరపడుతుంది. ఆ క్షణాన్ని జనం నమ్మేలా చేసేవి దానికి ముందూ వెనుకా ఉన్న ఏర్పాట్లు: ఎవరి పేరు జాబితాలో ఉండాలో తేల్చే పద్ధతి, అభ్యర్థుల తరఫున కూర్చునే ఏజెంట్లు, సంతకాలు పెట్టిన రిజిస్టరు, అందరి ఎదుట జరిగే లెక్కింపు. అందుకని ఓటు వేయించి సరిపెట్టకుండా, ఎన్నికను మొదటినుంచి చివరిదాకా పిల్లలచేతనే జరిపించమని ఈ మార్గదర్శి కోరుతోంది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే పిల్లలకు ఇది తగినది. వారానికి రెండు పీరియడ్ల చొప్పున నాలుగు వారాలు కేటాయించగలిగితే తొందరపడనక్కరలేదు. చెన్నైలోని తెలుగు పాఠశాలలనూ, వారాంతాల్లో తెలుగు నేర్పే తరగతులనూ దృష్టిలో పెట్టుకుని రాసినా, పద్ధతి ఎక్కడైనా ఒకటే.

ముందుగా, గెలిచినవారికి ఏ అధికారం ఉంటుందో రాయించుకోండి

ఉత్తుత్తి ఎన్నికలో పిల్లలు ఉత్తుత్తిగానే పాల్గొంటారు. కాబట్టి నిజమైన ఒక చిన్న పదవిని సృష్టించాలి. ఉదాహరణకు, తరగతి ప్రతినిధికి ఆటస్థలం వంతులు నిర్ణయించే బాధ్యత, నెలకొకసారి ఉదయపు సమావేశంలో పది నిమిషాల కార్యక్రమం నిర్వహించే అవకాశం, తాగునీరు, మరుగుదొడ్ల శుభ్రత గురించి ప్రధానోపాధ్యాయుల నుంచి వారంలోగా లిఖితపూర్వక జవాబు పొందే హక్కు ఇవ్వవచ్చు. ఈ అధికారాలు చిన్నవే కావచ్చు, కానీ నోటిమాటగా ఉండకూడదు. ప్రధానోపాధ్యాయుల సంతకంతో తరగతి గోడ మీద కనిపించాలి. గెలిచాక ఏమీ చేయలేని పదవికి పిల్లలను పోటీ చేయిస్తే, ఓటు వల్ల ఏమీ మారదన్న పాఠాన్ని మనమే నేర్పినట్టవుతుంది.

అదే రోజున ఒక నియమం కూడా ప్రకటించాలి. నిజమైన పార్టీల పేర్లు, గుర్తులు, రంగులు, సినిమా హీరోల పేర్లు, కులం, మతం ఈ ఎన్నికలోకి రాకూడదు. చెన్నైలో ఈ నియమం మరీ అవసరం. ఇక్కడ వెండితెరకూ రాజకీయానికీ ఉన్న అనుబంధం పిల్లలకు ఇంట్లోనే తెలుస్తుంది. ఉపాధ్యాయులు తమ అభిమానాన్ని మాటలోనేకాదు, ముఖకవళికల్లోనూ కనిపించనీయకూడదు.

ఓటర్ల జాబితా: ఎక్కువ సమయం ఇవ్వవలసిన మెట్టు

చాలామంది ఉపాధ్యాయులు హాజరుపట్టీనే ఓటర్ల జాబితాగా వాడేసి ముందుకు వెళ్లిపోతారు. నా అభిప్రాయంలో మొత్తం పాఠంలో అత్యంత విలువైన భాగం అక్కడే జారిపోతుంది. దేశంలో 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి వరకు జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల ముందు, తమ సొంత పేరు చెప్పడానికి ఇష్టపడక ఫలానావారి భార్యననో ఫలానావారి కూతురిననో చెప్పిన దాదాపు 28 లక్షల మంది మహిళలు జాబితాలో లేకుండా పోయారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ సొంత పేరు తప్పనిసరి అని పట్టుబట్టడమే అందుకు కారణం. ఆయన నిర్ణయం సరైనదేనా అని పిల్లలను అడగండి. రెండు పక్షాలా బలమైన వాదనలు వస్తాయి.

తరువాత ఇద్దరు పిల్లలను బూత్ స్థాయి అధికారులుగా, అంటే అందరూ బీఎల్ఓలు అని పిలిచేవారిగా నియమించండి. వారు బెంచీ బెంచీకి వెళ్లి పేర్లు రాసుకుని ముసాయిదా జాబితా తయారుచేసి గోడకు అంటించాలి. మూడు రోజులు అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. అసలు ఎన్నికల్లో కొత్తగా పేరు చేర్చడానికి ఫారం-6, తొలగింపు కోరడానికి ఫారం-7, చిరునామా మార్పుకూ తప్పుల సవరణకూ ఫారం-8 ఉన్నట్టే, తరగతిలోనూ మూడు రంగుల కాగితాలు పెట్టండి. తమిళనాడులో 2025 నవంబరులో మొదలై, అందరి నోటా ఎస్ఐఆర్ అని నలిగిన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ సమయంలో బీఎల్ఓలు ఇంటికి వచ్చి ఫారాలు ఇచ్చి వెళ్లడం పిల్లలు చూసే ఉంటారు. ఆ ఫారం నింపడానికి ఇంట్లో ఏ కాగితాలు వెతికారో వారినే చెప్పనివ్వండి.

ఇక్కడి తెలుగు పిల్లల విషయంలో ఒక చిక్కు తప్పక ఎదురవుతుంది. తమిళనాడు బడి రికార్డుల్లో పేరు ముందుండే పొడి అక్షరం తండ్రి పేరును సూచిస్తుంది. నెల్లూరులోనో చిత్తూరులోనో తీసుకున్న కార్డులో అదే చోట ఇంటిపేరు పొడి అక్షరం ఉంటుంది. లావణ్య అనే అమ్మాయి ఒక కాగితంలో ఆర్. లావణ్య, మరొకదానిలో కె. లావణ్య అవుతుంది. ఈ ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్నను తరగతిలోని బీఎల్ఓల ముందుంచి, తేల్చడానికి ఏ ఆధారం అడుగుతారో చూడండి. ఒకరు తల్లిని అడగమంటారు, ఇంకొకరు పుట్టిన తేదీ చూడమంటారు, మరొకరు పక్కింటివారి సాక్ష్యం చాలంటారు. జాబితా సవరణలో అసలు అధికారులు ఎదుర్కొనే సమస్య ఇదే.

ఇంకొక ప్రశ్న కూడా ఈ నగరంలోనే సహజంగా పుడుతుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో తమిళనాడు ఏప్రిల్ 19న ఓటు వేసింది. ఆంధ్రప్రదేశ్ మే 13న వేసింది. చెన్నైలో ఉంటూ ఓటు మాత్రం సొంతూరిలో ఉంచుకున్న కుటుంబాలు ఉన్నాయి. చట్టం ఏమంటుందో స్పష్టంగా చెప్పండి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒక వ్యక్తి పేరు ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి, అదీ ఆ వ్యక్తి మామూలుగా నివసించే చోట ఉండాలి. సొంతూరిలో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. అయితే పిల్లలకు ఇంటిపని ఇచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం. మీ నాన్నగారి ఓటు ఎక్కడుంది, ఎవరికి వేశారు అని రాసుకురమ్మనకండి. ఊరు మారినప్పుడు ఓటు ఎలా మార్చుకోవాలో ఇంట్లోవారికి వివరించి రమ్మనండి, అది చాలు. కుటుంబ విషయాలు తరగతిలోకి రప్పించే అధికారం మనకు లేదు.

పద్దెనిమిదేళ్ల సంగతి కూడా ఈ మెట్టులోనే చెప్పవచ్చు. 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చి నుంచి అమల్లోకి వచ్చి ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది. మునుపు జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ అర్హత తేదీలే. 17 ఏళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. పై తరగతుల అన్నలకూ అక్కలకూ ఈ మాట చేరవేసే పనిని పిల్లలకే అప్పగించండి.

నామినేషన్లు, ప్రచారం

ప్రతి అభ్యర్థీ ఇద్దరు ప్రతిపాదకుల సంతకాలతో కాగితం దాఖలు చేయాలి. పరిశీలన రోజున రిటర్నింగ్ అధికారిగా, అంటే ఎన్నిక మొత్తం నిర్వహించే అధికారిగా ఉన్న విద్యార్థి వాటిని బిగ్గరగా చదివి, తిరస్కరిస్తే కారణం రాయాలి. పెద్దగా ప్రాధాన్యం లేని లోపానికి నామినేషన్‌ను తోసిపుచ్చకూడదని చట్టంలోనే ఉంది. అక్షరదోషం ఉందని స్నేహితురాలి కాగితాన్ని పక్కన పెట్టబోయే అధికారికి ఆ సంగతి గుర్తుచేయండి.

పోటీకి అడ్డంకులు ఎంతవరకు ఉండాలన్న చర్చకు తమిళనాడులోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1996 శాసనసభ ఎన్నికల్లో మొడక్కురిచ్చి నియోజకవర్గంలో తమ గోడు వినిపించడానికి రైతులు పెద్దయెత్తున నామినేషన్లు వేయగా, చివరికి 1,033 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకంలా తయారైంది. ఆ ఏడాదే అభ్యర్థులు నామినేషన్‌తోపాటు కట్టే డిపాజిట్ల సొమ్మును చట్టం పెంచింది. ఇప్పుడు శాసనసభకు రూ.10,000, లోక్‌సభకు రూ.25,000, షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థులకు అందులో సగం. డిపాజిట్ పెంచడం న్యాయమా, పేదవారి పోటీని అది అడ్డుకుంటుందా అన్నది పిల్లలు తేల్చుకోవలసిన ప్రశ్న. తరగతిలో మాత్రం డబ్బు డిపాజిట్ పెట్టకండి.

ప్రచారానికి రెండు రోజులు చాలు. ప్రతి హామీ పక్కనా ఇది నా అధికారంలో ఉందా అన్న ప్రశ్నకు అభ్యర్థి జవాబు రాయాలి. గోడ మీద అంటించిన అధికారాల పత్రం ఇప్పుడు పనికొస్తుంది. చాక్లెట్లు పంచడం నిషిద్ధం. దాన్ని గమనించి ఫిర్యాదు చేసే బాధ్యతను ఇద్దరు పరిశీలకులకు ఇచ్చి, ఎన్నికల సంఘం ఇలాంటి ఫిర్యాదుల కోసం 2018 నుంచి సీ-విజిల్ యాప్ నడుపుతోందని చెప్పండి. అసలు ఎన్నికల్లో పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు బహిరంగ ప్రచారం ఆగిపోతుంది. మీ తరగతిలో ఒక పూట మౌనం పాటిస్తే సరిపోతుంది.

పోలింగ్ రోజు

పోలింగ్‌కు ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. శని, ఆదివారాలకు హోంవర్కు ఇవ్వాలా వద్దా అని అడిగి, మీరు ఎదురుగా నిలబడి చేతులెత్తించండి. తరువాత అదే ప్రశ్నకు పేరు లేని చీటీల మీద జవాబు రాయించండి. రెండు ఫలితాలనూ పక్కపక్కన బోర్డు మీద రాస్తే, తేడా ఉన్నా లేకపోయినా, రహస్య ఓటు ఎందుకు అవసరమన్న చర్చ దానంతట అదే మొదలవుతుంది.

బూత్ ఏర్పాటు అసలుదాన్ని పోలి ఉండాలి. గది తలుపు దగ్గర మొదటి పోలింగ్ అధికారి జాబితా పట్టుకుని వచ్చినవారి పేరును అందరికీ వినిపించేలా చదవాలి. అభ్యర్థుల ఏజెంట్లు తమ దగ్గరున్న జాబితాలో ఆ పేరు చూసుకుని గుర్తు పెట్టుకుంటారు. మనిషి మారితే అక్కడే అభ్యంతరం చెప్పాలి. రెండో అధికారి ఎడమ చూపుడు వేలికి సిరా చుక్క పెట్టి, రిజిస్టరులో సంతకం తీసుకుంటారు. అసలు సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, దాన్ని మైసూరులోని ప్రభుత్వ రంగ సంస్థ మైసూర్ పెయింట్స్ తయారుచేస్తుంది. మనకు స్కెచ్ పెన్ను చాలు. మూడో అధికారి బ్యాలెట్ పత్రం ఇస్తారు. అట్టపెట్టె అడ్డుపెట్టిన మూలకు వెళ్లి ముద్ర వేసి, మడిచి, పెట్టెలో వేయాలి. మొదటి ఓటరు రాకముందు, బూత్ మొత్తానికి బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారి ఖాళీ పెట్టెను తలకిందులు చేసి ఏజెంట్లకు చూపించి, మూతకు కాగితపు పట్టీ అంటించి, దానిమీద వారి సంతకాలు తీసుకోవాలి.

ఈవీఎం గురించి విడిగా ఒక పీరియడ్ కావాలి. కంట్రోల్ యూనిట్ ప్రిసైడింగ్ లేదా పోలింగ్ అధికారి దగ్గర ఉంటుంది. అక్కడ మీట నొక్కి అనుమతిస్తేనే తెర వెనుక ఉన్న బ్యాలెట్ యూనిట్ ఒక్క ఓటును స్వీకరిస్తుంది. ఒక బ్యాలెట్ యూనిట్ మీద నోటాతో, అంటే అభ్యర్థులెవరూ వద్దనే మీటతో కలిపి 16 మీటలు ఉంటాయి. ఓటు పడగానే, అది ఎవరికి పడిందో కాగితం మీద చూపే వీవీప్యాట్ యంత్రం గాజు వెనుక చీటీ ఏడు సెకన్లు కనిపించి, తెగి లోపలి పెట్టెలో పడుతుంది. పోలింగ్ మొదలయ్యే ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో నమూనా పోలింగ్ జరిపి, లెక్క సరిచూసి, ఆ ఓట్లను తుడిచేస్తారు. ఈ ఏర్పాట్లలో ఏది ఏ అనుమానాన్ని తీర్చడానికి పెట్టారో పిల్లలచేత పట్టికగా రాయించండి. యంత్రాన్ని గుడ్డిగా నమ్మమనీ, గుడ్డిగా అనుమానించమనీ చెప్పకుండా, సరిచూసే పద్ధతిని నేర్పడం మన పని.

లెక్కింపు

ముందుగా ఓట్లు లెక్కపెట్టకూడదు, కాగితాలు లెక్కపెట్టాలి. జాబితాలో 41 పేర్లున్నాయి, ఇద్దరు రాలేదు, రిజిస్టరులో 39 సంతకాలున్నాయి, పెట్టెలో మాత్రం 38 పత్రాలే దొరికాయనుకుందాం. ఇలాంటి పరిస్థితి రాకపోతే, పరిశీలకులకు మాత్రమే చెప్పి మీరే కల్పించవచ్చు. ఆ ఒక్కటీ ఎక్కడికి పోయిందో పిల్లలు వెతకాలి. ఒకదానిలో ఒకటి మడతపడిందా, ఎవరైనా సంతకం పెట్టి ఓటు వేయకుండా పత్రాన్ని జేబులో పెట్టుకున్నారా, రెండో అధికారి ఒకరి దగ్గర రెండు సంతకాలు తీసుకున్నారా? మీరు జవాబు చెప్పకండి. కారణం తేలకపోతే తేలలేదనే ప్రిసైడింగ్ అధికారి తన నివేదికలో రాసి, ఏజెంట్ల సంతకాలు తీసుకోవాలి. అసలు పోలింగ్‌లోనూ నమోదైన ఓట్ల వివరాలను ఫారం-17సీలో నింపి, దాని ప్రతిని హాజరైన ఏజెంట్లకు ఇస్తారు. లెక్కింపు రోజున యంత్రం చూపే సంఖ్య దానితో సరిపోవాలి.

తరువాత చెల్లని ఓట్ల సంగతి. ముద్ర ఇద్దరి పేర్ల మధ్య పడినదీ, వెనుక ఓటరు సంతకం ఉన్నదీ పక్కన పెట్టి, ఒక్కొక్కదాని మీద ఏజెంట్ల వాదన వినాలి. ఓటరు ఎవరో తెలిసిపోయే గుర్తు ఉన్న పత్రం చెల్లదు. ఎందుకు చెల్లకూడదో పిల్లలే ఊహించగలరు. ఓటు కొన్నవాడికి రుజువుగా అది ఉపయోగపడుతుంది కదా.

ఫలితం ఇలా వచ్చిందనుకోండి: మొదటి అభ్యర్థికి 15, రెండో అభ్యర్థికి 13, మూడో అభ్యర్థికి 7, నోటాకు 2, చెల్లనిది 1. గెలిచిన అభ్యర్థికి సగం ఓట్లు కూడా రాలేదు. మన దేశంలో లోక్‌సభకూ శాసనసభకూ ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారే గెలుస్తారు, సగం దాటవలసిన అవసరం లేదు. ఇది న్యాయమేనా అన్న ప్రశ్న కనీసం పావుగంట తీసుకుంటుంది, తీసుకోనివ్వండి. అసలు ఎన్నికల్లో ఓడినవారికి డిపాజిట్ తిరిగి రావాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రావాలి. ఇక్కడ అభ్యర్థులందరికీ కలిపి పడిన 35 చెల్లిన ఓట్లలో ఆరో వంతు 6కి కాస్త తక్కువ. కాబట్టి 7 ఓట్లు తెచ్చుకున్న మూడో అభ్యర్థికి, డిపాజిట్ ఉండి ఉంటే, అది దక్కినట్టే. గణితం ఉపాధ్యాయులను పిలిచి ఈ లెక్క వారిచేత చెప్పించండి. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, తరువాత ఎక్కువ ఓట్లున్న అభ్యర్థే గెలిచినట్టు ప్రకటిస్తారన్నది చాలామంది పెద్దవారికే తెలియదు.

ఒక్క ఓటు ఏం చేస్తుందిలే అనేవారికి 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలిచిన సంగతి చెప్పవచ్చు. ఓట్లు సమానమైతే లాటరీ తీసి, దానిలో గెలిచినవారికి ఒక ఓటు అదనంగా కలుపుతారు.

ఓడినవారిచేత తప్పక ఒక పని చేయించాలి. వారి ఏజెంట్లు లెక్కింపు పత్రం చూసి, అభ్యంతరం ఉంటే కారణంతో సహా రాసి, లేకపోతే సరిచూసుకున్నామని సంతకం పెట్టాలి. గెలిచినవారి అభినందన సభ కంటే ముందు ఈ సంతకం జరగాలి.

చరిత్ర పాఠానికి నగరాన్నే వాడుకోండి

చెన్నైకి 90 కిలోమీటర్ల దూరంలో, కాంచీపురం జిల్లాలో ఉన్న ఉత్తరమేరూరు వైకుంఠ పెరుమాళ్ ఆలయ గోడల మీద మొదటి పరాంతక చోళుని కాలపు శాసనాలున్నాయి. పదో శతాబ్ది తొలినాళ్లలో ఆ గ్రామంలోని 30 వాడల నుంచి పేర్లను తాటాకుల మీద రాసి, కుండలో వేసి, చిన్న బాలుడిచేత తీయించేవారు. సొంత స్థలంలో ఇల్లు, పన్ను కట్టే భూమి, 35 నుంచి 70 ఏళ్ల మధ్య వయసు ఉండాలి; మునుపు పదవిలో ఉండి లెక్కలు చెప్పనివారూ వారి బంధువులూ అనర్హులు. ఇది ఓటు కాదు, చీటీ. పైగా అది బ్రాహ్మణ సభ, మిగిలిన గ్రామస్థులకూ మహిళలకూ అందులో చోటు లేదు. ఈ రెండు సంగతులూ దాచకుండా చెబితేనే, లెక్కలు చెప్పనివారికి పదవి లేదన్న ఆ నియమం గొప్పతనం పిల్లలకు సరిగ్గా అర్థమవుతుంది.

నగరంలో అయితే టి. నగర్‌లోని పానగల్ పార్కు దగ్గర మొదలుపెట్టండి. కాళహస్తికి చెందిన పానగంటి రామరాయణింగారు, అంటే పానగల్ రాజా, 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ముఖ్యమంత్రి. ఆ రాష్ట్రంలో మహిళలకు ఓటుహక్కు 1921లోనే వచ్చింది; అయితే ఆస్తి ఉన్నవారికే. టంగుటూరి ప్రకాశం పంతులు 1946, 47ల్లో ఇక్కడే ప్రధానిగా (రాష్ట్ర ప్రభుత్వాధినేతను అప్పట్లో అలా పిలిచేవారు) పనిచేశారు. బ్రాడ్వేకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

ఎన్నిక తరువాత

గెలిచిన ప్రతినిధి మొదటి నెలలోనే ఒక విన్నపాన్ని చివరిదాకా నడిపించాలి. బడి గేటు ముందు వెలగని వీధిదీపమో, నిండిపోయిన చెత్తకుండీయో ఎంచుకుంటే మంచిది. ముందుగా మీ బడి ఏ వార్డులో, ఏ మండలంలో ఉందో పిల్లలు కనుక్కోవాలి. గ్రేటర్ చెన్నై కార్పొరేషన్‌లో 200 వార్డులు ఉన్నాయి, వాటిని మండలాలుగా విభజించారు. 1688లో ఏర్పడిన ఈ కార్పొరేషన్ దేశంలోకెల్లా పాతది. దాని ఫిర్యాదుల నంబరు 1913. రిపన్ భవనం ప్రారంభమైన సంవత్సరమూ 1913 కావడంతో పిల్లలు దాన్ని మరచిపోరు. పెద్దవారొకరు పక్కనుండగా ఫిర్యాదు చేసి, ఇచ్చిన నమోదు సంఖ్య, తేదీ, వచ్చిన జవాబు ఒక పుస్తకంలో రాయించండి. జవాబు రాకపోతే వార్డు కౌన్సిలర్‌కు ఉత్తరం రాయాలి. తెలుగులో చిత్తు రాసుకుని, తమిళం బాగా వచ్చిన పిల్లలచేత తమిళంలో రాయించి పంపండి; ఈ నగరంలో పౌరులుగా బతకడానికి ఆ భాషలో విన్నపం రాయగలగడం కూడా అవసరమే. లోక్‌సభ సభ్యుడు, శాసనసభ్యుడు, కౌన్సిలర్ వీరిలో ఏ పని ఎవరిదో పిల్లలకు ఈ ఒక్క ఉత్తరంతో తెలిసినంతగా పాఠ్యపుస్తకంతో తెలియదు.

నెలాఖరున ప్రతినిధి తన హామీల పత్రం చేతపట్టుకుని తరగతి ముందు నిలబడి, ఏది జరిగింది, ఏది జరగలేదు, ఎందుకు జరగలేదు అన్నది చెప్పాలి. ప్రశ్నలు అడిగే మొదటి అవకాశం ఓడిన అభ్యర్థులది. ఏడాది మధ్యలో తండ్రికి బదిలీ అయి ప్రతినిధి బడి వదిలి వెళ్లిపోతే, రెండో స్థానంలో ఉన్నవారిని కూర్చోబెట్టేయకండి. చట్టసభలో ఖాళీ వస్తే సాధారణంగా ఆరు నెలల్లోగా ఉపఎన్నిక జరపాలన్నది నియమం. మీ తరగతిలో రెండు వారాల్లోగా జరపండి, ఈసారి మొదటి ఎన్నికలో ఏ బాధ్యతా తీసుకోని పిల్లలను అధికారులుగా నియమించండి, ఓటర్ల జాబితాను మళ్లీ మొదటినుంచి సరిచూడమనండి.